రేవులో పడవ కట్టడం: విశాఖపట్నం, రుషికొండ తీరం

నీటిపై తేలే పడవ గాలికీ కెరటాలకూ నీటి వాలుకూ కొట్టుకుపోకుండా ఒక చోట నిలిపి ఉంచడాన్ని పడవ కట్టడం అంటారు. ఇందుకు రెండు దారులున్నాయి. పడవ నుంచి లంగరు దించి అది అడుగు నేలను పట్టుకునేలా చేయడం మొదటిది. జెట్టీకో, నీటిలో నాటిన స్తంభానికో, అడుగున బరువుకు బిగించిన బోయాకో మోకులతో కట్టడం రెండోది. రద్దీ రేవుల్లో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. పది మీటర్ల తెరచాప యాట్‌కైనా, మూడు వందల మీటర్ల ఖనిజపు ఓడకైనా సూత్రం ఒకటే. మారేది మోకు లావు, లంగరు బరువు, వెంట ఉండే మనుషుల సంఖ్య.

తెలుగు తీరంలో ఈ పని అన్ని రూపాల్లోనూ ఒకే చోట కనిపించేది విశాఖపట్నంలో. ఇక్కడి లోపలి హార్బరులో సరుకు ఓడలు బెర్తులకు కడతారు. బయటి హార్బరులో భారీ ఓడలు, పర్యాటక నౌకలు ఆగుతాయి. చేపల రేవులో వందల మర బోట్లు పక్కపక్కన ఒరుసుకుంటూ ఉంటాయి. రేవుకు ఉత్తరాన ఉన్న రుషికొండలో మాత్రం పడవ కట్టుకోవడానికి మూసిన నీరు లేదు. అక్కడ ఫైబర్ తెప్పలనూ విహార పడవలనూ ఇసుక మీదికి లాగుతారు. కొద్ది కిలోమీటర్ల తేడాలో పద్ధతి ఇంతగా ఎందుకు మారుతుందో తీర స్వరూపమే చెబుతుంది.

తీరం, గాలి, నీరు

విశాఖ తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకు వచ్చి, దక్షిణం నుంచి వచ్చే కెరటాల దెబ్బను చాలావరకు తనమీద కాచుకుంటుంది. ఆ కొండ ఉత్తరపు నీడలోనే హార్బరు ముఖద్వారం ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా చేపల రేవు, ఆర్కే బీచ్, లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, చివరకు భీమిలి వస్తాయి. చేపల రేవు దాటాక ఈ వరుసలో అలల అడ్డుకట్ట ఉన్న పెద్ద రేవు ఒక్కటీ లేదు.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా ప్రధానంగా నైరుతి గాలి వీస్తుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా ఈశాన్య గాలి. తీరం వెంట నీటి వాలు కూడా ఇంచుమించు ఇదే లెక్కన దిశ మార్చుకుంటుంది. గాలి లేని రోజున కూడా దూర సముద్రంలో పుట్టిన బారు కెరటం తీరానికి వస్తూనే ఉంటుంది. లంగరు మీద ఉన్న పడవను అటూ ఇటూ ఒరిగించేది, జెట్టీకి కట్టిన బోటును గోడకేసి కొట్టేది చాలాసార్లు ఈ బారు కెరటమే. గాలిని మాత్రమే చూసి చోటు ఎంచుకునే కొత్తవారికి ఇది వెంటనే తట్టదు.

పౌర్ణమి, అమావాస్యల సమయంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఇక్కడ సుమారు 1.4 మీటర్లు ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కానీ గ్రీసు దీవుల రేవుల్లో ఆ తేడా చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. అందుకే ఏజియన్ సముద్రంలో గట్టుకు బిగించిన తాడును రాత్రంతా వదిలేసినా ఇబ్బంది రాదు. విశాఖలో పోటు వేళ బిగుతుగా కట్టిన పొట్టి తాడు పాటు వేళకు పడవ బరువంతా మోస్తుంది. అప్పుడు తాడైనా తెగుతుంది, కొక్కెమైనా ఊడుతుంది.

అడుగు నేల రెండు రకాలు. లోపలి హార్బరు ఒకప్పుడు ఉప్పుటేటి బురద నేల. దాని అడుగు మెత్తని బంకమట్టి. బయట తీరం పొడవునా ఇసుక, అక్కడక్కడా బండరాళ్లు. ఈ తేడా లంగరు ఎంపికలో కీలకం (చూడండి: లంగరు, దాని పట్టు).

చరిత్ర

హార్బరు తవ్వక ముందు విశాఖపట్నానికి ఓడలు వచ్చేవి కానీ ఒడ్డుకు చేరేవి కావు. 17వ శతాబ్దంలో భీమునిపట్నంలో డచ్చివారు, విశాఖపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వారి ఓడలు తీరానికి దూరంగా, లోతున్న చోట లంగరు వేసుకునేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవలు మోసేవి. పలకలను మేకులతో కాక కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసిన ఈ పడవలు విరిగే కెరటాల్లో వంగేవి కానీ పగిలేవి కావు. తెరిచిన తీరంలో ఓడ భద్రత పూర్తిగా లంగరు మీద, ఆనాటి వాతావరణం మీద ఆధారపడి ఉండేది.

ఆ పరిస్థితిలోని ప్రమాదం 1804 సెప్టెంబరులో బయటపడింది. ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ మూడు యుద్ధనౌకలతో వచ్చి, విశాఖ ఎదుట లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్‌పై దాడి చేశాడు. దాని పక్కనే రెండు వర్తక నౌకలు ఉన్నాయి. వాటిలో బార్నబీ ఒడ్డుకు కొట్టుకువచ్చి కెరటాల్లో ధ్వంసమైంది. ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివారి చేతికి చిక్కింది. చుట్టూ అడ్డు లేని చోట లంగరు మీద నిలిచిన ఓడకు వెనక్కి తగ్గే చోటు ఉండదు. ఒక వైపు శత్రువైతే రెండో వైపు విరిగే కెరటాలు.

మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి తూర్పు తీరంలో ఓ రేవు కావాలన్న అవసరం 20వ శతాబ్ది మొదట్లో బలపడింది. డాల్ఫిన్ నోస్ వెనుక ఉన్న ఉప్పుటేటి పల్లాన్ని తవ్వి లోపలి హార్బరు చేశారు. ముఖద్వారానికి దక్షిణాన అడ్డుకట్టగా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. 1933 అక్టోబరు 7న సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అంతకు ముందు రెండున్నర శతాబ్దాల పాటు దూరాన లంగరు వేసి ఎదురుచూసిన ఓడలు ఆనాటి నుంచి గట్టుకే మోకులు వేసి సరుకు దించుకున్నాయి. ఈ తీరం చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదు.

సింధియా కంపెనీ ఇక్కడే ఓడల నిర్మాణ కేంద్రం పెట్టింది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ను నీటిలోకి వదిలారు. తర్వాత ఆ కేంద్రమే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఇనుప ఖనిజం ఎగుమతికి పెద్ద ఓడలు అవసరం కావడంతో 1970లలో మూడు అలల అడ్డుకట్టలతో బయటి హార్బరు కట్టారు. 2023 సెప్టెంబరు 4న అంతర్జాతీయ పర్యాటక నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడి గట్టు పొడవు ఓడ పొడవుకు చాలదు. అందుకే గట్టుకు రెండు వైపులా నీటిలో డాల్ఫిన్లు అనే కాంక్రీటు దిమ్మెలు కట్టి, ఓడ ముందు వెనుకల మోకులను వాటికి తగిలించే ఏర్పాటు చేశారు.

లంగరు, దాని పట్టు

లంగరు బరువు వల్లే పడవ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చిన్న పడవల విషయంలో బరువు పాత్ర తక్కువ. లంగరు కొన నేలలోకి దిగి, తన ముందున్న మట్టిని అడ్డంగా నెట్టడంలోనే పట్టు ఉంది. ఆ కొన దిగాలంటే లాగుడు నేలకు సమాంతరంగా ఉండాలి. పైకి లాగితే అదే లంగరు సులువుగా ఊడి వస్తుంది. లంగరు ఎత్తేటప్పుడు చేసేది కూడా అదే. పడవను సరిగ్గా దాని నెత్తి మీదికి తెచ్చి నిలువుగా లాగుతారు.

అందుకే లంగరుకు మొదట గొలుసు, తర్వాత తాడు కడతారు. గొలుసు బరువుకు వేలాడి కొంత భాగం నేల మీద పరుచుకుంటుంది. గాలి విసురుకు పడవ వెనక్కి జరిగినప్పుడు ముందు ఆ గొలుసు లేవాలి, తర్వాతే లాగుడు లంగరును చేరుతుంది. ఎంత పొడవు వదలాలన్నదే అసలు లెక్క. మొత్తం గొలుసే అయితే లోతుకు కనీసం 5 రెట్లు, ఎక్కువ భాగం తాడైతే 7 రెట్లు అన్నది సాధారణ నియమం. లోతు అంటే ఇక్కడ నీటి లోతు ఒక్కటే కాదు. 6 మీటర్ల నీటిలో పాటు వేళ లంగరు వేసిన పడవను తీసుకుంటే, దాని ముందు భాగం నీటికి 1 మీటరు ఎత్తున ఉంది, పోటుకు మరో 1.4 మీటర్లు పెరుగుతుంది. లెక్కలోకి రావలసిన లోతు 8.4 మీటర్లు. గొలుసైతే 42 మీటర్లు, తాడైతే దాదాపు 59 మీటర్లు వదలాలి. ‘6 మీటర్ల నీరు కదా, 30 చాలు’ అనుకున్నవారి లంగరు పోటు వేళకు పట్టు వదులుతుంది.

గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి 80కి చేరితే పడవ మీద తోపు రెట్టింపు కాదు, 4 రెట్లు. మధ్యాహ్నం గట్టిగా నిలిచిన లంగరు సాయంత్రపు ఈదురుగాలికి జారిందంటే కారణం ఇదే.

రకాలు. కొయ్య అడ్డకమ్మి, రెండు కొక్కేలు ఉన్న పాత తరహా లంగరు బండల్లో బాగా చిక్కుకుంటుంది. మత్స్యకారులు వాడే బహుకొక్కేల గాలం లంగరు తేలిక, మడిచి దాచుకోవచ్చు. రాళ్లలో పట్టినంతగా ఇసుకలో పట్టదు. నాగలి ఆకారపు లంగరును బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1933లో రూపొందించాడు. దిశ మారినా నేలలోనే తిరిగే గుణం దానికుంది. రెండు పలకల డాన్‌ఫోర్త్ లంగరు మెత్తని ఇసుకలో, బురదలో తన బరువుకు మించిన పట్టునిస్తుంది. కానీ గాలి అడ్డంగా తిరిగితే ఒక్కోసారి ఊడి మళ్లీ పట్టదు. ఇసుక, రాయి కలిసిన విశాఖ తీరానికి ఏ ఒక్క రకమూ అన్ని వేళలా సరిపోదు. వేర్వేరు రకాలవి రెండు లంగర్లు ఉంచుకోవడం ఖర్చయినా అవసరమే.

మోకులు, ముడులు

గట్టుకు పక్కవాటుగా కట్టిన పడవకు నాలుగు పనులు చేసే మోకులు కావాలి. ముందు మోకు, వెనుక మోకు పడవను గట్టు దగ్గర పట్టి ఉంచుతాయి. వాటికి ఎదురు దిశలో వాలుగా వెళ్లే రెండు స్ప్రింగ్ మోకులు పడవ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతాయి. చిన్న రేవుల్లో తరచూ వదిలేసేది ఈ స్ప్రింగులనే. అవి లేకుండా కట్టిన బోటు ప్రతి కెరటానికీ గట్టు వెంట రాసుకుంటూ ముందుకు వెళ్లి వస్తుంది. ఆ రాపిడికి మోకు కోసుకుపోతుంది. మోకు గట్టు అంచును తాకే చోట పాత రబ్బరు గొట్టం గానీ గోనె గానీ చుడితే దాని ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

కొబ్బరి పీచు తాడు పోయి నైలాన్, పాలీప్రొపిలీన్ వచ్చాయి. నైలాన్ బాగా సాగుతుంది కాబట్టి కెరటపు కుదుపును మింగుతుంది. పాలీప్రొపిలీన్ చవక, నీటిపై తేలుతుంది. కానీ ఎండకు పెళుసెక్కుతుంది, పక్క పడవ ప్రొపెల్లరుకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. సాగిన నైలాన్ మోకు తెగితే ఆ కొస కొరడాలా వెనక్కి కొడుతుంది. పెద్ద ఓడల గట్ల మీద జరిగే తీవ్ర గాయాల్లో ఈ దెబ్బ ఒకటి. అందుకే బిగిసిన మోకు దారిలో నిలబడకూడదు, తాడు చుట్టలో కాలు పెట్టకూడదు. గట్టుకూ పడవకూ మధ్య చెయ్యి గానీ కాలు గానీ అడ్డుపెట్టి ఆపాలని చూడకూడదు. నాలుగైదు టన్నుల పడవ నెమ్మదిగా కదులుతున్నా చెయ్యి దాన్ని ఆపలేదు.

ముడుల్లో మూడు తెలిస్తే చాలావరకు పని జరుగుతుంది. జారని ఉచ్చునిచ్చే బౌలైన్ ముడి గట్టు మీది దిమ్మెకు (బొల్లార్డుకు) తగిలించడానికి పనికొస్తుంది. క్లీట్ అనే రెండు కొమ్ముల కొక్కెం మీద ఎనిమిది అంకెలా వేసే చుట్టు పడవ మీద మోకు బిగించడానికి. ఒక చుట్టు తిప్పి రెండు సగం ముడులు వేస్తే బరువు పడుతుండగానే విప్పుకోవచ్చు. ఏ ముడి వేసినా, రాత్రి చీకట్లో ఒక్క మనిషి దాన్ని విప్పగలగాలి. ఇది చిన్న విషయంలా కనిపించినా, చేపల రేవులో ఓ రాత్రి ఎందరి బతుకులనో తాకింది (చూడండి: చేపల రేవు).

కట్టే పద్ధతులు

పక్కవాటుగా కట్టడం. గట్టు పొడవు సరిపడా ఉన్నప్పుడు ఇదే సులువు. ఓడలు బెర్తులకు చేరేది ఈ పద్ధతిలోనే. విశాఖ రేవులో ఓడలకు దారి చూపే పైలట్ తప్పనిసరి. టగ్గులు ఓడను పక్క నుంచి నెట్టి గట్టుకు చేరుస్తాయి. ముందుగా సన్నని విసురుతాడు గట్టుకు పడుతుంది. దాని వెనుకే అసలు మోకు వస్తుంది.

వరుసగా పక్కపక్కన కట్టడం. గట్టు చాలనప్పుడు మొదటి బోటు జెట్టీకి, రెండోది మొదటిదానికి, మూడోది రెండోదానికి కడతారు. భారతీయ చేపల రేవుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బయటి బోట్లు కూడా విడిగా జెట్టీకి మోకులు వేసుకుంటేనే ఈ వరుస నిలుస్తుంది. లేకపోతే అందరి బరువూ లోపలి బోటు క్లీట్ల మీదే పడుతుంది.

వెనుకభాగం గట్టుకు, లంగరు ముందుకు. మధ్యధరా రేవుల్లో, ముఖ్యంగా గ్రీసు దీవుల్లో ఇదే ప్రధాన పద్ధతి. గట్టుకు పడవ పొడవుకు మూడు నాలుగు రెట్ల దూరంలో లంగరు వదిలి, ఇంజనుతో వెనక్కి నడుపుతూ వచ్చి వెనుక నుంచి రెండు మోకులు గట్టుకు వేస్తారు. గాలి వచ్చే వైపు మోకు ముందు పడాలి. అప్పుడు గాలి పడవను పక్కకు తోసినా ఆ మోకు ఆపుతుంది. తర్వాత లంగరు గొలుసు బిగిస్తే పడవ గట్టుకు తగలకుండా మధ్యలో నిలుస్తుంది. పడవ వెడల్పు మాత్రమే గట్టును ఆక్రమిస్తుంది కాబట్టి అదే గట్టుకు మూడు రెట్ల పడవలు పడతాయి. దీని ఖరీదు గొలుసుల చిక్కు. గ్రీసు దీవి హైడ్రా లాంటి చిన్న రేవులో ఒకరి గొలుసు మీద మరొకరి లంగరు పడటం రోజువారీ వ్యవహారం. పొద్దున బయల్దేరే పడవ ముందుగా పొరుగు గొలుసును పైకి లేపి, దాని కింద తాడు దూర్చి పట్టుకుని, తన లంగరును విడిపించుకుని, ఆ తర్వాత తాడు వదలాలి.

బోయాకు కట్టడం. అడుగున శాశ్వత బరువు, పైన బోయా ఉంటే లంగరు చిక్కులు తప్పుతాయి. ఆ బరువునూ గొలుసునూ ఎప్పటికప్పుడు పరీక్షించేవారు ఉన్నప్పుడే ఈ పద్ధతికి విలువ.

స్వేచ్ఛగా లంగరు మీద నిలవడం. ఈ పద్ధతిలో పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది. 12 మీటర్ల యాట్ 40 మీటర్ల గొలుసు వదిలితే, దాదాపు 100 మీటర్ల వ్యాసంలో ఇంకెవరూ ఉండకూడదు. రద్దీ రేవులో అంత నీరు దొరకదు. దూర సముద్రంలో దొరుకుతుంది. 2016 ఫిబ్రవరిలో జరిగిన అంతర్జాతీయ నౌకాదళ సమీక్షలో, 2022 ఫిబ్రవరి 21న జరిగిన రాష్ట్రపతి సమీక్షలో విశాఖ ఎదుట యుద్ధనౌకలు వరుసల్లో లంగరు వేసుకుని నిలిచాయి. ఆ వరుసలు అలా ఉండాలంటే ప్రతి నౌకా తన చోటు, గొలుసు పొడవు, పొరుగు నౌక దూరం ముందే లెక్కగట్టుకోవాలి.

రద్దీ రేవులోకి ప్రవేశం

లోపలికి వచ్చేముందే మోకులు, ఒరిపిడి తగలకుండా వేలాడదీసే మెత్తలు (ఫెండర్లు) సిద్ధం చేయాలి. గట్టు దగ్గరికి వచ్చాక తాడు వెతకడం ప్రమాదాలకు మొదటి మెట్టు. ముందుగా ఒకసారి రేవు చుట్టి, గాలి ఎటు వీస్తోందో, ఇప్పటికే కట్టి ఉన్నవారి గొలుసులు ఎటు వాలి ఉన్నాయో చూడాలి. ఓడల దారిని ఖాళీగా వదలాలి. సన్నని కాలువలో ఓడ పక్కకు తప్పుకోలేదు, ఆగడానికి దానికి చాలా దూరం కావాలి.

ఎక్కువ యాట్లలో ప్రొపెల్లరు కుడివైపుకు తిరుగుతుంది. రివర్స్ వేయగానే వెనుకభాగం ఎడమకు జరుగుతుంది. నెమ్మది వేగంలో చుక్కాని పనిచేయదు, గాలి ముందుభాగాన్ని తోసేస్తుంది. ఈ రెండింటినీ ముందే లెక్కలోకి తీసుకునే సరంగు ఇంజనును తక్కువగా వాడి పడవను చోటులో పెట్టగలడు. లంగరు వదిలాక నెమ్మదిగా వెనక్కి లాగి, పట్టిందో లేదో పరీక్షించాలి. ఒడ్డున కదలని రెండు గుర్తులు, ఉదాహరణకు ఒక స్తంభం, దాని వెనుక ఒక మేడ, ఒకే వరుసలో పెట్టుకుని చూస్తుంటే పడవ జారుతోందో లేదో నిమిషాల్లో తెలిసిపోతుంది.

చేపల రేవు

విశాఖ చేపల రేవు తూర్పు తీరంలోని పెద్ద రేవుల్లో ఒకటి. బోటు అంచుల చుట్టూ పాత టైర్లు వేలాడుతుంటాయి. మనుషులు ఐసు బుట్టలతో ఒక బోటు నుంచి మరో బోటు మీదికి అడుగు వేస్తూ నాలుగో వరుస దాకా వెళ్తారు. వేటకు వెళ్లే సమయంలో రేవు కొంత ఖాళీ అవుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు యాంత్రిక బోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో అన్ని బోట్లూ ఒకేసారి రేవులో ఉంటాయి. మనుషులు తక్కువగా, మోకులు ఎక్కువగా ఉండే కాలమది.

2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ ఒక బోటులో మొదలైన మంటలు పక్క బోట్లకు పాకాయి. డీజిలు ట్యాంకులు, వంటగ్యాసు సిలిండర్లు పేలాయి. మండుతున్న బోటు మోకులు విప్పి నీటిలోకి నెట్టినా, గాలీ నీటి వాలూ దాన్ని తిరిగి మిగతా బోట్ల మీదికే తెచ్చాయి. సుమారు 40 బోట్లు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది.

ఈ ఘటనలో పడవ కట్టడానికి సంబంధించిన పాఠాలు స్పష్టంగా ఉన్నాయి. వరుసలో కట్టిన బోట్ల మధ్య మంటను ఆపే ఖాళీ లేదు. మండే బోటును విడదీస్తే అది గాలివాటున ఎటు పోతుందో ముందే తెలిసి ఉండాలి. దాన్ని లాగి పట్టుకునే మరో బోటు లేకుండా విడిచిపెట్టడం వల్ల ప్రమాదం ఇంకో చోటికి మారుతుంది. వరుసల మధ్య దారి, రాత్రి కాపలా, త్వరగా విప్పగల ముడి, నీటి వైపు నుంచి మంటలార్పే ఏర్పాటు ఉండాలన్నది ఇలాంటి రేవులన్నిటికీ వర్తించే నియమం. ఒక బోటు ఖరీదు లక్షల్లో ఉంటుంది. దాని వెనుక యజమాని అప్పు, సరంగు, డ్రైవరు, కలాసీల ఏడాది కూలి ఉంటాయి.

లంగరు జారడం

2020 అక్టోబరు రెండో వారంలో బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ వాయుగుండం గాలుల్లో విశాఖ ఎదుట లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ నిలవలేక కొట్టుకువచ్చింది. రుషికొండకు వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, తెన్నేటి పార్కు దగ్గర బండల మధ్య అది చిక్కుకుంది. 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం చాలాకాలం అక్కడే ఉండిపోయి సందర్శకులకు చూడదగ్గ స్థలమైంది. పర్యాటక శాఖ దాన్ని రెస్టారెంటుగా మార్చే ప్రయత్నం చేసింది.

లంగరు జారుతున్నట్టు తెలియడానికి గుర్తులున్నాయి. గొలుసు మీద చెయ్యి వేస్తే కుదుపులు తెలుస్తాయి. పడవ గాలికి ముక్కు తిప్పకుండా అడ్డంగా పడుతుంది. ఒడ్డు గుర్తులు వరుస తప్పుతాయి. అప్పుడు చేయవలసింది ముందు మరికొంత గొలుసు వదలడం. అది చాలకపోతే ఇంజను నడిపి లంగరు మీద భారం తగ్గించడం, రెండో లంగరు వేయడం. ఒడ్డు దగ్గరపడకముందే లంగరు ఎత్తి లోతు నీటిలోకి పోవడం అన్నిటికన్నా భద్రం. ఆ నిర్ణయాన్ని వాయిదా వేసేకొద్దీ ఒడ్డుకూ పడవకూ మధ్య నీరు తగ్గిపోతుంది.

తుపాను హెచ్చరికలు

భారతీయ రేవుల్లో పగలు ఆకారాలతో, రాత్రి దీపాలతో 1 నుంచి 11 దాకా హెచ్చరికలు ఎగురవేస్తారు. 1, 2 దూర సముద్రానికి సంబంధించినవి. మూడో నంబరు రేవు దగ్గర ఈదురుగాలులకు సూచన. నాలుగు అంటే రేవుకు తుపాను ముప్పు ఉందని, కానీ ఇంకా తీవ్రం కాలేదని. 5, 6, 7 ప్రమాద సూచనలు. తుపాను రేవుకు ఏ పక్క నుంచి పోతుంది, లేక రేవు మీదుగానే పోతుందా అన్నదాన్ని బట్టి వీటిలో ఒకటి ఎంచుతారు. 8, 9, 10 అదే క్రమంలో మహా ప్రమాద సూచనలు. పదకొండో నంబరు వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది.

ఏ పక్క అన్నది ఎందుకు ముఖ్యమంటే, ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం రేవుకు ఉత్తరాన దాటితే గాలి భూమి నుంచి సముద్రంలోకి, దక్షిణాన దాటితే సముద్రం నుంచి భూమి మీదికి వీస్తుంది. మోకుల్లో ఏవి భారం మోయాలన్నది దాన్ని బట్టే మారుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ మీదుగా తీరం దాటింది. అటువంటి తుపాను ముందు పెద్ద ఓడలను రేవు నుంచి సముద్రంలోకి పంపేస్తారు. బయటివారికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. బెర్తుకు కట్టిన ఓడ మోకులు తెంచుకుంటే గట్టునూ తననూ పక్క ఓడనూ ధ్వంసం చేస్తుంది. లోతు నీటిలో ఇంజను నడుపుతూ కెరటాలకు ఎదురుగా నిలిచిన ఓడకు గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. చిన్న బోట్లకు ఆ అవకాశం లేదు. వాటి మోకులు రెట్టింపు చేసి, పైనున్న సామాను దించి, బోట్ల మధ్య ఫెండర్లు పెంచి, మనుషులు ఒడ్డుకు వచ్చేయాలి. హుద్‌హుద్ రోజున చేపల రేవులో ఎన్నో బోట్లు మునిగాయి. బోటును కాపాడుకోవాలని అందులోనే ఉండిపోవడం ఏ లెక్కనా సమర్థించదగింది కాదు.

నియమాలు

లంగరు మీద ఉన్న నౌక పగలు ముందుభాగంలో ఒక నల్లని బంతి, రాత్రి అన్ని వైపులా కనిపించే తెల్లదీపం చూపాలని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. 50 మీటర్లు, అంతకు మించిన పొడవున్న ఓడలకు ముందొకటి, వెనుకొకటి, రెండు దీపాలు కావాలి. 7 మీటర్ల లోపు పడవలకు కొంత మినహాయింపు ఉన్నా, ఓడల దారిలో గానీ, ఇతర నౌకలు మామూలుగా తిరిగే లేదా లంగరు వేసే చోట గానీ అది వర్తించదు. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానల్ ఆపద పిలుపులకు, మొదటి సంప్రదింపుకు కేటాయించినది.

విశాఖపట్నం తూర్పు నౌకాదళ కేంద్రం కూడా. హార్బరులో కొన్ని భాగాలు నౌకాదళానివి. ఓడల ముఖద్వారం సన్నగా ఉంటుంది. కాబట్టి విహార పడవ తనకు నచ్చిన చోట లంగరు వేయడానికి వీల్లేదు. పోర్టు అథారిటీ చూపిన చోటే ఆగాలి.

రుషికొండ

రుషికొండ బీచ్ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. స్పీడు బోట్లు, స్కూబా డైవింగ్‌కు ఇది ప్రసిద్ధి. కొండ పాదం దగ్గర ఇసుక తీరం ఒంపు తిరిగి ఉండటంతో దూరం నుంచి ఆశ్రయంలా కనిపిస్తుంది. కానీ ఆ ఒంపు బారు కెరటాన్ని ఆపేంత లోతైనది కాదు. ఒడ్డు దగ్గర కెరటాలు విరుగుతాయి, లోపలికి లాగే నీటి వాలు బలంగా ఉంటుంది. స్నానానికి దిగినవారు ఇక్కడ ప్రాణాలు కోల్పోవడానికి కారణం అదే.

యాట్‌లో వచ్చినవారు రుషికొండ ఎదుట పగటిపూట, గాలి తీరం నుంచి సముద్రం వైపు వీస్తున్నప్పుడు, విరిగే కెరటాలకు బాగా వెలుపల ఇసుక నేల మీద కొద్ది గంటలు లంగరు వేయవచ్చు. ఒక మనిషి పడవలోనే ఉండాలి. ఈశాన్య గాలి కాలంలోనూ, రాత్రివేళా ఇక్కడ ఆగడం తగదు. గాలి తిరిగితే పడవకూ బండలకూ మధ్య అడ్డేమీ ఉండదు. భద్రమైన నీరు దక్షిణాన హార్బరులోనే.

స్థానిక మత్స్యకారులు ఈ తీరానికి తగిన పద్ధతి ఎప్పుడో ఎంచుకున్నారు. వారి ఫైబర్ తెప్పలకు అడుగు చదును, బరువు తక్కువ. కెరటాల వరుసలో ఎత్తైనవి పోయేదాకా వెలుపల ఆగి, తర్వాత వచ్చే చిన్న కెరటం వెనుక ఇంజను పెంచి ఒడ్డెక్కిస్తారు. అడుగు నేలను తాకేలోపే ఇంజను పైకి తిప్పి ప్రొపెల్లరును ఇసుక నుంచి కాపాడతారు. ఒడ్డున ఉన్నవారు వెంటనే రెండు పక్కలా భుజం పట్టి, తర్వాతి కెరటం అందుకునేలోపే తెప్పను పోటు గీత పైకి చేరుస్తారు.

తెరచాప యానంలో విశాఖకు ప్రత్యేక స్థానం కూడా ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగివచ్చిన నౌకాదళ యాట్ ‘తారిణి’లో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి విశాఖపట్నానికి చెందినవారు. 17 మీటర్ల ఆ యాట్ ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగింది. మరమ్మతు కోసం మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో కూడా ఆగవలసి వచ్చింది.